పొట్టి చెర్రీ, ఊజీ కత్తి

ఆ రోజుల్లో, ఇంగ్లీషు చదవడం వచ్చినవాడికి ఇంగ్లీషులో రాసి ఉన్న పనులన్నీ వచ్చేసినట్టేనని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. రంగూన్‌లో ఒక కలప కంపెనీలో కాగితాలకు నకళ్ళు రాసే ఉద్యోగం, ఇన్సేన్‌లో రైల్వే పనివాళ్ళ ఇళ్ళ వరసలైన లైన్లలో బాబాయి ఇంట్లో మకాం (ఆస్తి అంటే ఒక చాప, ఒక ట్రంకు పెట్టె, వాటిలో పట్టనంత గర్వం). మా దొరకి మొక్కల పిచ్చి. కొండమీద చలి ఊళ్ళో ఉన్న తన చెల్లెలి తోటకోసం ఇంగ్లండు సీమనుంచి ఓడలో చెర్రీ అంటుపుల్లలు తెప్పించి, వాటి రకాల జాబితా నా చేత రాయించాడు. ఒక రకం ఇంటికప్పు దాటి పెరుగుతుందట. ఇంకొకటి పులుపు. మూడోది పొట్టిది, తియ్యనిది, తొట్టిలో కూడా కాస్తుందని రాసి ఉంది. పక్కన మరో రకం చెట్టు లేకపోతే అది కాయదని కింద చిన్న అక్షరాల్లో ఉందిగాని, చిన్న అక్షరాలు చదివే ఓపిక నాకు లేదు. ఆ పొట్టి రకంలో ఒక్క పుల్ల ఇప్పించమని దొరని అడిగాను. ఈ ఎండలకి బతకదని నవ్వుతూనే ఇచ్చాడు.

ఆ సాయంత్రమే పిన్నికి చెప్పాను, రెండేళ్ళలో మన గుమ్మం ముందు సీమ చెర్రీలు కాస్తాయని. ఆవిడ మర్నాటికల్లా లైనంతా చెప్పింది. రైలు పనిమీద కొండకి వెళ్ళిన బాబాయి అక్కడి అడవి చెర్రీ మొక్కనొకదాన్ని కిరసనాయిలు డబ్బాలో పెట్టి తెచ్చాడు. ఇక దానిమీద దొర ఇచ్చిన పుల్లని అంటు కట్టడమే మిగిలింది. మా లైన్ల వెనక ఊజీ ఉండేవాడు (ఊజీ అంటే బర్మావాళ్ళ మాటలో పెద్దయ్య). తండ్రి రేవు పనికొచ్చిన మన తెలుగువాడు, తల్లి బర్మా ఆవిడ. ఇంటింటికీ తిరిగి మామిడికీ రేగుకీ అంటు కట్టడమే ఆయన జీవనం.

"నాను కట్టీనా, బాబూ?" అన్నాడు ఊజీ.

"పుస్తకంలో చూశాను, ఊజీ. మీ కత్తి ఇస్తే చాలు."

ఆయన కత్తిని పంచె అంచుతో తుడిచి ఇచ్చాడు. లైను ఆడవాళ్ళందరూ చూస్తుండగా కోశాను, చీల్చాను, పుల్ల దిగేశాను, అరటినారతో చుట్టాను, మైనం పూశాను. మధ్యమధ్య ఇంగ్లీషు మాటలు కూడా వాడాను (వాళ్ళలో ఒక్కరికీ ఇంగ్లీషు రాదని తెలిసే వాడాను).

నెల తిరిగేసరికి పుల్ల అగరువత్తిలా ఎండింది. "ఏటయ్యిందిరా నీ సెర్రీకి?" అంది పిన్ని, పక్కింటావిడ ముందే. నా తప్పు ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు. వచ్చినా రానిచ్చేవాణ్ణి కాదు. "ఊజీ కత్తి మంచిది కాదు పిన్నీ. తుప్పు. మొక్కకి విషం ఎక్కింది" అనేశాను.

రెండు రోజుల్లో పక్కింటావిడ తన మామిడికి ఊజీని రావద్దంది. ఆ తర్వాత ఎదుటి వరసలో మరో రెండిళ్ళవాళ్ళు. నా దగ్గరే మిగిలిన కత్తి (ఆయనకి ఇంకొకటి ఉండేది) తీసుకుపోడానికి ఊజీ వచ్చినప్పుడు పిన్ని లోపలే ఉండిపోయింది. ఆయన డబ్బా దగ్గర కూర్చుని, పుల్లని వేలితో తడిమి, గొంతు తగ్గించి అన్నాడు: "బాబూ, ఈ కళ్ళు కిందకి సూస్తన్నాయి. పుల్ల తలకిందులుగా ఎట్టీనావు."

చూశాను. మొగ్గలన్నీ నేలకేసి చూస్తున్నాయి. ఇంతలో పిన్ని గుమ్మంలోకి వచ్చి, "ఏటంటావు ఊజీ?" అంది.

"సలి దేశపు సెట్టమ్మా. మన ఎండకి ఆగలేదు" అని, ఆయన కత్తి మడిచి బొడ్లో దోపుకుని వెళ్ళిపోయాడు.

నేను నోరు విప్పలేదు. పది రోజులు విప్పలేదు. ఆ పది రోజులూ ఊజీ ఖాళీ బుట్టతో మా గుమ్మం ముందునుంచే తిరిగి వెళ్ళేవాడు. నన్ను చూస్తే ఎప్పటిలాగే తల ఊపేవాడు. ఆ తల ఊపడమే నాకు అన్నం సయించకుండా చేసింది. పదకొండో రోజు పక్కింటావిడ మా వసారాలో కూర్చుని, మామిడికి వేరే మనిషిని చూడమని పిన్నిని అడుగుతుంటే, చేతిలో కంచం కింద పెట్టి, "కత్తి తప్పు కాదు. పుల్ల నేనే తలకిందులుగా పెట్టాను. ఊజీకి తెలుసు. చెప్పలేదు" అన్నాను.

వాళ్ళు నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. పిన్ని, "ఎల్లు. ఈ మాట ఆయన ముందర సెప్పు. ఆ మూడిళ్ళకీ ఎల్లి సెప్పు" అంది. చెప్పాను. ఊజీ విని, "కుర్రతనం" అని ఊరుకున్నాడు. పక్కింటి మామిడికి ఆయనే అంటు కట్టాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ప్రతి పుల్లనీ చూపించి, "తల ఏటి? కాలు ఏటి?" అని అడిగి మరీ కట్టాడు.

లైన్లలో నాకు తలకిందులబాబు అని పేరు పడింది. పిలిస్తే నవ్వుతూనే పలికేవాణ్ణి. ఎంతయినా సంపాదించుకున్న పేరే. ఇప్పుడు మనవలకి ఈ కథ చెబితే వాళ్ళు పుల్ల దగ్గర పడీ పడీ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఆ పది రోజుల సంగతి మాత్రం గబగబా చెప్పి దాటేస్తుంటాను. ఈ మధ్య చిన్న మనవరాలు పట్టేసింది: "తాతా, అన్నాళ్ళు ఎందుకు చెప్పలేదు?" అని. కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నాను. ఆ పది రోజుల దగ్గరనుంచి కథ మళ్ళీ మొదలుపెట్టాను, ఈసారి నెమ్మదిగా.