తవుడుకు అమ్మిన పిల్ల

నన్ను చేటెడు తవుడుకు అమ్మేశారు. నాకంటే ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారట. నేనైనా దక్కాలని, రంగూన్‌లోని అహ్లోన్ పేటలో మా పక్క వాటాలో ఉండే బర్మా ఆవిడ దగ్గర చేటెడు తవుడు పుచ్చుకుని, నాయనమ్మ నన్ను ఆమె ఒళ్లో పెట్టింది. అమ్మేసిన బిడ్డ జోలికి చావు రాదని మావాళ్ల నమ్మకం. పెంచింది మా అమ్మే. కాని ఇంట్లో ఎవరైనా ‘మా పిల్ల’ అన్నారో, నాయనమ్మ నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు.

అక్కడితో ఆగినా బాగుండేది. పేట ఆఫీసు గుమాస్తా ఇంటి మనుషుల జాబితా రాసుకోవడానికి వస్తే, "మేం ముగ్గురమే. ఆ గుంట పక్కింటిది" అని తనకొచ్చిన నాలుగు బర్మా ముక్కల్లో చెప్పేసింది మహాతల్లి. నాన్న మిల్లులో ఉన్నాడు. అత్తగారి ముందు అమ్మ నోరెత్తలేదు. ముసలామె కళ్లతోనే బతిమాలుతుంటే పక్కింటావిడ కాదనలేక తలూపింది.

నాకు ఆరేళ్లప్పుడు సైనిక ప్రభుత్వం మిల్లులూ కొట్లూ తీసేసుకుంది. నాన్న పని పోయింది. వచ్చిన ప్రతి ఓడలోనూ మనవాళ్లు ఎక్కిపోతున్నారు. మా వీధిలో తెలుగు వినబడడమే తగ్గిపోయింది. మేమూ విశాఖపట్నం వెళ్లిపోదామని మంచంతో సహా అమ్ముకున్నాం. తీరా అనుమతి కాగితం వస్తే అందులో మూడే పేర్లు.

పక్కింటావిడను వెంటబెట్టుకుని అందరం ఆఫీసుకు పరిగెత్తాం. "జాబితా ప్రకారం పిల్ల ఈవిడది. మీరు ముగ్గురూ వెళ్లొచ్చు" అన్నాడు అధికారి. అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే నొప్పికి ఏడ్చేశాను. పక్కింటావిడకు పిల్లల్లేరు. నేనంటే ప్రాణం. ఆమె ఒక్క ‘అవును’ అంటే నేను ఆమెదాన్నే. "నాది కాదు, వీళ్లదే" అని తల దించుకుంది. అయితే అప్పుడు అబద్ధం చెప్పిందెవరని ఆయన గద్దించాడు.

నాయనమ్మ ముందుకొచ్చింది. "నానే సెప్పినాను బాబూ. అబద్దమాడినాను. ఇది మాదే. నా మనవరాలు. రాసుకో."

ఆమెకు భయమే. ఆయన వేసే శిక్షకు కాదు, ఆ మాటకు నాకేమవుతుందోనని. నాన్న ఆమె మాటల్ని బర్మా భాషలో అధికారికి చెప్పాడు.

జాబితా దిద్దడానికి నెలలు పడుతుందని, ఓడ ఆగదని అన్నాడు అధికారి. నాన్న కాగితం ఆయనకే ఇచ్చేసి, మావైపు తిరిగాడు. "ఎల్పోతే ఎల్పోనీ. గుంటని వొగ్గీసి ఎక్కడికెల్తాం."

బయటికొచ్చాక అమ్మ మెట్ల మీద కూలబడి, నన్ను ఒళ్లోకి లాక్కుని ఏడ్చింది, నవ్వింది. హమ్మయ్య అనుకున్నాం అందరం. ఓడ వెళ్లిపోయింది, మేం రంగూన్‌లోనే ఉండిపోయాం.

నాయనమ్మ మాత్రం వారం రోజులు పూటకోసారి నా నుదురు తడిమి చూసేది. నాకు జలుబైనా చేయలేదు.