తలగడ మీంచి చూస్తే

కర్టెన్ గుడ్డలకి పూల డిజైన్లు గీయడంలో ఆయనది అందెవేసిన చెయ్యి. మిల్లులో అందరూ ‘రంగులాయన’ అనే పిలిచేవారు. పక్షవాతంతో ఎడమపక్క పడిపోయాక పని ఇంటికొచ్చింది. ఆయన మంచం మీద ఒత్తిగిలి చెబుతుంటే, భార్య కంప్యూటర్ ముందు కూర్చుని వేసేది.

“గులాబీ నల్లగా ఉంది. తెలుపు కలుపు. ఇంకా కలుపు,” అనేవాడు. ఆవిడ కంటికి గులాబీ పాలిపోతున్నట్టున్నా, రంగుల విషయంలో ఆయనకి ఎదురు చెప్పే అలవాటు లేదు.

డిజైన్లు వరసగా తిరిగొచ్చాయి. “జ్వరం తగిలిన గులాబీల్లా ఉన్నాయమ్మా. ఇంకొక్కటి ఇలా వస్తే వేరేవాళ్లని చూసుకుంటాం,” అన్నాడు మేనేజర్ మొహమాటం లేకుండా.

ఆవిడ ఏమీ తోచక మంచం అంచున తల ఆనించి మానిటర్ వైపు చూసింది. పాలిపోయిన ఆ గులాబీలే అక్కడ్నుంచి నల్లగా కమిలిపోయి కనిపించాయి. అయితే తప్పు ఆయనది కాదు, ఈ పాడు మానిటర్‌ది! పోయిన ప్రాణం లేచొచ్చింది.

కొత్త మానిటర్ కోసం వెళ్తే, షాపతను ముందు వీఏ ప్యానెల్ అనే రకం చూపించాడు. “నలుపు కాటుకలా ఉంటుందమ్మా.”

ఆవిడ నేల మీద కూలబడి, తల పక్కకి వాల్చి చూసింది. రంగులు వెలిసిపోయాయి.

“ఏమైందమ్మా, కళ్లు తిరుగుతున్నాయా?”

“లేదన్నయ్యా. మా ఆయన మంచం మీంచి ఇలాగే చూస్తారు.”

అతను ఇంకోటి తెచ్చి స్టూలు మీద పెట్టాడు. “ఇది ఐపీఎస్ రకం. నలుపు కాస్త బూడిదగా ఉంటుంది గానీ, పక్కనుంచి చూసినా రంగు పెద్దగా మారదు.”

నేల మీంచి కూడా ఎరుపు ఎరుపులాగే ఉంది. ఆవిడ కళ్లు చెమర్చాయి.

దాన్ని కొనుక్కుని ఇంటికి రాగానే తగిలించి, గులాబీని మళ్లీ నిండు ఎరుపు చేసింది. “ఇప్పుడు చెప్పండి!”

ఆయన చాలాసేపు చూశాడు. “ఇదీ నలుపేగా?”

“హాస్యాలాడకండి.”

ఆయన హాస్యమాడలేదు. ఆవిడ వెళ్లి ఆయన తలగడ మీదే తల పెట్టి చూసింది. ఎరుపు. తల ఎత్తి ఆయన మొహంలోకి చూసింది.

“ఎరుపా?” అన్నాడాయన మెల్లగా. “దాచకు. ఈ ఇంట్లో మిగిలిన కళ్లు నీవే.”

“ఎరుపేనండీ.”

ఆయన కుడిచేయి మొహం మీదకి లాక్కున్నాడు. పక్షవాతం దెబ్బ మెదడులో రంగులు పోల్చుకునే చోట తగిలిందని, తిరిగొస్తుందో లేదో చెప్పలేమని సాయంత్రం వచ్చి చూసిన డాక్టరు అన్నాడు.

మిల్లు గడువు మాత్రం ఆగదుగా. మర్నాడు ఆవిడ మళ్లీ కూర్చుంది.

“వెలుగు పడే రేకు మీద ఏం వేశావ్?”

“దానిమ్మ గింజ రంగండీ.”

“నీడలో?”

“వంకాయ రంగు.”

“అంత వద్దు. ఉల్లిపొర రంగు దాకా రా.”

ఆ డిజైన్‌ని మిల్లువాళ్లు సవాలక్ష వంకలు పెట్టి తీసుకున్నారు. తర్వాతదాని సంగతి చూద్దామన్నారు.

“మానిటర్ నీ కుర్చీ వైపు తిప్పేసుకో,” అన్నాడాయన. కళ్లు మూసుకుని, “ఆకులు ఏ పచ్చ?” అని అడిగాడు.