నీళ్ళ డ్రమ్ము మీది నీలం మూడు

ఫుట్‌బాల్ స్టేడియంలో స్కోరు బోర్డు మీద అంకెల రేకులు తగిలించే మనిషిని అందరూ సున్నా బాబాయి అంటారు. పాతికేళ్ళుగా ఆయనకదే పని. మన జట్టుకి నీలం రేకులు, వచ్చిన జట్టుకి తెల్లవి. తెల్లవాటికి ఏటా రంగు వేయాల్సిందే, వాడకం అలాంటిది. నీలం వాటిలో సున్నా ఒక్కటే అరిగింది. నీలం మూడు తొమ్మిదేళ్ళుగా పెట్టెలోంచి బయటికి రాకపోయేసరికి, ఊరికే పడి ఉండటం ఎందుకని ఆయన ఇల్లాలు పిన్ని దాన్ని ఇంటికి తీసుకెళ్ళి నీళ్ళ డ్రమ్ము మీద మూత పెట్టుకుంది.

ఈ ఏడు సీజన్ ముందు క్లబ్బు సెక్రటరీ విలేఖరుల్ని పిలిచి, టీలు ఇప్పించి, "ఈసారి మా దాడిని ఆపడం ఎవరి తరమూ కాదు" అన్నాడు. నిజమే, లేనిదాన్ని ఎవరు ఆపగలరు? నిరుడు ముప్ఫై ఆటల్లో కొట్టినవి పదకొండు గోల్స్. అందులో రెండు అవతలివాళ్ళు పొరపాటున తమ గోల్‌లోనే కొట్టుకుని మనకు దానం చేసినవి. ఇప్పుడు కొత్త ఫార్వర్డ్ వచ్చాడు. అతని పరుగు చూస్తే ముచ్చటేస్తుంది. గోల్ ఎటు ఉందో కూడా ఎవరైనా చెబితే బాగుండును.

"బాబాయ్, అంకెలన్నీ సిద్ధంగా ఉండాలి" అన్నాడు సెక్రటరీ. "బోర్డు మీద ఒక్క తప్పు దొర్లినా కరెంటు బోర్డు పెట్టించేస్తా. ఆపైన నీ దారి నువ్వు చూసుకో."

"తప్పు దొర్లాలన్నా ముందు వీళ్ళు గోల్ కొట్టాలి కదండీ" అన్నాడు బాబాయి. మూత సంగతి మాత్రం ఎత్తలేదు.

మొదటి ఆటలోనే కొంప మునిగింది. మనవాళ్ళు రెండు గోల్స్ కొట్టారు! బాబాయి నీలం రెండు దుమ్ము దులిపి తగిలించాడు. పక్కన తెల్ల మూడు అప్పటికే ఎక్కి ఉంది. ఇంకో ఐదు నిమిషాల ఆట ఉందనగా, కొత్త ఫార్వర్డ్ తలతో కొట్టిన బంతి వలలో పడింది. బాబాయి మెట్లు రెండేసి దిగి, వెనక సందులోని ఇంటికి పరుగెత్తి, డ్రమ్ము మీది రేకు లాక్కుని రొప్పుతూ వచ్చి తగిలించాడు. జనం బోర్డు వైపు చెయ్యి చూపిస్తూ అరుస్తున్నారు. ఆ కేకలు సంతోషంతోనే అనుకున్నాడు పాపం. కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళూ తిట్టిపోసిన జట్టంటే తనకింత ప్రేమ ఉందని ఆయనకే తెలియదు.

ఆయన సందులో ఉండగానే రిఫరీ ఆఫ్‌సైడ్ అని ఆ గోల్ రద్దు చేశాడు. మనవాళ్ళు ఎప్పటిలాగే ఓడారు. బోర్డు మాత్రం మూడు, మూడు అంటోంది. అవతలి జట్టు దాని ముందు నిలబడి నవ్వుతూ ఫొటోలు దిగింది. సెక్రటరీ పైకొచ్చి, బోర్డు గది తాళంచెవి కోసం చెయ్యి చాపాడు.

పాతికేళ్ళు ఆ జట్టును నమ్మకుండా ఉద్యోగం నిలబెట్టుకున్న మనిషి, ఐదు నిమిషాలు నమ్మి పోగొట్టుకున్నాడు.

ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పాడు. పిన్ని ఆయన చంకలోని రేకు అందుకుని కొంగుతో తుడిచింది.

"పోన్లెండి. దీనికి నేను పని చూపించలేదా? మీకూ చూపిస్తాను" అంటూ డ్రమ్ము మీద మూత పెట్టింది.