రోడ్డు మీద వదలని వ్యాను

పిల్లలు పెట్టిన పేరు వ్యానమ్మ. అసలు పేరు ఏ కాగితాల్లోనో ఉండే ఉంటుంది, కానీ దానితో ఎవరికీ పనిపడలేదు. పన్నెండేళ్లుగా బడి వ్యాను నడుపుతోంది. పొద్దున ఇరవై మంది పిల్లల్ని బడిలో దింపుతుంది, సాయంత్రం ఎవరింటి గుమ్మంలో వాళ్లను అప్పగిస్తుంది. కొంచెం తొందరగా పోనివ్వమన్న ఓ తండ్రితో, "అంత తొందరైతే రేపటినుంచి మీరే ఎత్తుకుని పరిగెత్తండి" అంది. ఆ నోటికి జడుస్తూనే తల్లిదండ్రులు పిల్లల్ని ఆమె చేతిలో పెడతారు.

ఆమెది ఒకటే పట్టుదల. వ్యాన్ని రోడ్డు మీద వదలదు. తనుండే సందులో సైకిలు తిరగడమే గగనం కాబట్టి, ఖాళీ వేళల్లోనూ రాత్రిళ్లూ అక్క మొగుడి కలప అడితిలో పెట్టుకునేది. బదులుగా బావ కూతుళ్లిద్దరూ పైసా ఇవ్వకుండా ఆ వ్యాన్లోనే బడికి పోయేవారు. కాగితం మాత్రం రాసుకోలేదు. సొంత బావ దగ్గర కాగితమేమిటి అనుకుంది. మనందరం అనుకునేదే.

ఆ అడితిలో ఓ దిక్కుమాలిన అలవాటుంది. కొత్త దుంగలు వచ్చినప్పుడల్లా పాత దొంతర దొర్లకుండా కింద పెట్టిన అడ్డుచెక్కలు లాగి కొత్తదానికి పెడతారు. చుట్టూ కొండంత కలప, అడ్డుచెక్కలకు మాత్రం కరువు! నాలుగు చెక్కలు కోయించండి మహాప్రభో అంటే బావ రేపు రేపంటూ రెండేళ్లు గడిపాడు.

సోమవారం పదకొండింటికి పాత దొంతర కదిలి దుంగలు దొర్లిపోయాయి. వ్యాను ముందుభాగం నుజ్జునుజ్జయింది. లోపల ఎవరూ లేరు. వ్యానమ్మ వచ్చి, సొట్టపోయిన తలుపు మీద చెయ్యి వేసి, నేల మీద కూలబడి ఏడ్చింది. ఆమె ఏడవడం అడితి కూలీలు చూడటం అదే మొదటిసారి.

బీమా ఉంది. ఎదుటివాడికి జరిగే నష్టానికే కాదు, తన బండికీ కలిపి పూర్తి బీమా. కంపెనీకి ఫోను చేద్దామనుకునేలోపే బావ ఏజెంటును వెంటబెట్టుకొచ్చాడు. అడితి పాలసీ, వ్యాను పాలసీ రెండూ చేయించింది ఆ పెద్దమనిషే.

"అడితి పాలసీలో షెడ్డూ కలపా తప్ప బయటివాళ్ల బండి రాదమ్మా. నీ పాలసీ మీదే క్లెయిమ్ పెట్టాలి. బండి రోడ్డు మీద ఆగి ఉంటే ఏదో లారీ గుద్ది పోయిందని రాసెయ్. ఇట్టే తేలిపోతుంది."

"దుంగలు పడ్డాయని రాస్తే తేలదా?"

ఏజెంటు నీళ్లు నమిలాడు. "తేలుతుంది. కానీ నీకిచ్చింది కంపెనీవాళ్లు తర్వాత తప్పు చేసినవాళ్ల దగ్గర రాబట్టుకుంటారు."

"అంటే బావ దగ్గర."

బావ అందుకున్నాడు. "పోనీలే పాపమని చోటిస్తే నా నెత్తినే ఎక్కుతావా?"

"పాపమని ఇచ్చారా? మీ పిల్లల్ని ఆరేళ్లుగా మోసుకెళ్లిందెవరు బావా?" ఏజెంటు ముందుకు తోసిన కాగితాన్ని వెనక్కి తోసింది. "పన్నెండేళ్లలో ఒక్కపూట కూడా ఈ బండిని రోడ్డు మీద వదల్లేదు. వదిలానని ఇప్పుడు నా చేత్తో నేనే రాయాలా? రేపు ఏ తల్లయినా అడిగితే ఏం చెప్పను? అబద్ధమని తేలి క్లెయిమే కొట్టేస్తే మీరు కొనిస్తారా నాకు వ్యాను? నేను రాయను."

జరిగింది జరిగినట్టు రాసి కంపెనీకి పంపింది. ఆ సాయంత్రం తల్లి ఫోను చేసింది. "అక్క కాపురంలో నిప్పులు పోస్తావుటే?"

"నిప్పులు ఎవరూ పొయ్యలేదమ్మా, దుంగలు పడ్డాయి. అవీ నా బతుకు మీద పడ్డాయి."

దగ్గరి పిల్లల్ని నడిపించుకుని బడికి తీసుకెళ్లింది. దూరం పిల్లలు ఒక్కొక్కరే వేరే వ్యాను ఎక్కారు. శుక్రవారానికి ఏడుగురు మిగిలారు. బండి త్వరగా బాగుపడకపోతే ఆ ఏడుగురూ ఉండరని ఆమెకు తెలుసు, భయమూ వేసింది. అయినా రాసింది మార్చలేదు.

శనివారం కంపెనీ సర్వేయరు వచ్చేసరికి వ్యాను గేటు బయట రోడ్డు మీదుంది. బావ పొద్దున్నే కూలీలతో తోయించాడు. లోపల దొంతర కింద కొత్త అడ్డుచెక్కలు తళతళలాడుతున్నాయి. రెండేళ్లుగా దొరకని చెక్కలు అయిదు రోజుల్లో ఎలా పుట్టుకొచ్చాయో!

వ్యానమ్మకు ఒళ్లు మండిపోయింది. "బండి చచ్చాక కూడా రోడ్డుకీడ్చారా?" అని సర్వేయరు వైపు తిరిగింది. "సార్, జరిగింది ఇక్కడ కాదు, లోపల. రండి, చూపిస్తాను."

"లోపల పడిందనడానికి సాక్షి ఎవరమ్మా?" అన్నాడు ఆయన, కళ్లజోడు సర్దుకుంటూ.

కూలీలు తలలు దించుకున్నారు. "ఎవరూ చూళ్లేదు సార్" అన్నాడు బావ.

"నేను చూశాను."

అక్క. అడితి గదిలో చీటీలు రాసుకుంటూ ఏ గొడవలోనూ తలదూర్చని మనిషి. పెన్ను చేతిలోనే పట్టుకుని మెట్లు దిగి వచ్చింది.

"చెక్కలు లాగించింది మావారే. వద్దంటే వినలేదు."

"ఇంటి గుట్టు బయట పెడతావా?" బావ గొంతు కీచుగా పలికింది. "చెల్లెలి కోసం మొగుణ్ణి ముంచుతావా?"

"చెల్లెలి కోసం కాదు." అక్క పెన్నుతో వ్యాను వైపు చూపించింది. "దుంగలు పడింది సోమవారం. ముందురోజు ఆదివారం అదే వేళకి మన పిల్లలిద్దరూ ఆ ముందు సీట్లో కూర్చుని హారను కొట్టి ఆడుకుంటున్నారు. మీరు లోపల నిద్రపోతున్నారు. నేను చూస్తూ నవ్వుతున్నాను."

ఆమె సర్వేయరు వైపు తిరిగింది.

"ఎక్కడ పెట్టాలి సార్ సంతకం?" అంది అక్క.