పైడమ్మ రోకలి

గ్రహణం రోజున రాయపూర్ రైల్వే క్వార్టర్లలో పైడమ్మను చూడాలి. ఆవకాయ జాడీ మీద, పాలగిన్నె మీద, చివరికి ఫ్రిజ్ మీద కూడా గరికపోచలు వేస్తుంది. పసుపునీళ్లు పోసిన ఇత్తడి పళ్లెంలో, విజయనగరం నుంచి తెచ్చుకున్న రోకలిని నిలబెట్టి, ఊపిరి బిగబట్టి మెల్లగా చేతులు వదులుతుంది. అది నిలవగానే పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆడవాళ్లు గుమ్మంలోంచే దండం పెడతారు. గ్రహణం విడిచి రోకలి పడేదాకా ఇంట్లో ఎవరూ మంచినీళ్లు కూడా ముట్టకూడదు.

ఆ జూన్ గ్రహణానికి కోడలు నళినికి ఏడో నెల. కిటికీలకు దుప్పట్లు కట్టి, కదలొద్దని మంచం మీద పడుకోబెట్టింది. ఉక్కపోతకు ఆ పిల్ల పెదవులు ఎండిపోయాయి.

"కళ్లు తిరుగుతన్నాయి అత్తా," అంది నళిని.

పైడమ్మ కోడలిని చూసింది, రోకలిని చూసింది. ఈగను తోలుతున్నట్టు కొంగు విదిల్చింది. రోకలి దబ్బున పడింది.

"ఇడిసీసింది. లెగమ్మా, ముందు నీళ్లు తాగు," అంటూ గ్లాసు అందించింది.

"అరే అమ్మా, టీవీలో గ్రహణం ఇంకా చాలూ ఉంది కదే, విడవలేదు!" అన్నాడు కొడుకు శివాజీ.

"టీవీలోది ఢిల్లీ గ్రహణంరా. మనింట్లోది అయిపోనాది."

కోడలికి అన్నం కలిపి పెట్టింది. తను మాత్రం టీవీలో గ్రహణం పూర్తిగా విడిచేదాకా గుక్కెడు నీళ్లు తాగలేదు.