ఏ గుర్రానికి ఎన్ని అణాలు

ఇప్పుడు మీరు చదవబోయేది మహాకావ్యం. ఇందులో అశ్వాలున్నాయి, జూదముంది, ఇచ్చిన మాటకు కట్టుబడిన ఒక స్త్రీ ఉంది, రాష్ట్ర సరిహద్దు వైపు సాగిన ఒక ప్రయాణం ఉంది.

అంత లేదు. మా అక్క మొగుడు పట్టుపురుగులకు మేత వేయకుండా బెంగుళూరు రేసులకు పోయేవాడు. ఆయన్ని ఇంట్లో నిలపమని అక్క నన్నడిగింది. గుర్రాలను నేను ఫోన్లో తప్ప చూడలేదు.

అక్కావాళ్ళది కెలమంగలం పక్కన. మల్బరీ తోట, ఇంటి వెనక రేకుల షెడ్డు, షెడ్డులో పురుగులు. నేను హోసూరులో ఒక ఇంజినీరింగు ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో చేస్తాను. వంద పీసులు పంపితే ఎన్ని వెనక్కొస్తాయో ముందే అంచనా కట్టడం నా పని. అంచనా తప్పితే మీటింగు పెడతారు, సరిపోతే ఎలా సరిపోయిందని ఇంకో మీటింగు పెడతారు. ఈ ఉద్యోగం చూసి అక్క నాకు గుర్రాల సంగతి కూడా తెలుసనుకుంది.

"రేయ్, దుడ్డు పోతాదని కాదు నా బాధ," అంది. "ఆయన ఆడేది కొంచమే. పోయిన పంటకి నాలుగో జ్వరం తీరినాక శనివారం, ఆదివారం మనిషి ఇంట్లో లేడు. ఒక్కదాన్నే ఎంత ఆకు కోసేది? సగం పురుగులు ఆకలితోనే చంద్రిక ఎక్కినాయి. గూళ్ళు చూస్తే కాగితం మాదిరి ఉన్నాయి."

పురుగుకు జ్వరమంటే మాత్ర వేసే జ్వరం కాదు. పొర విడవడానికి ముందు మేత మానేసి తలెత్తుకుని కదలకుండా ఉండటం. నాలుగోసారి అలా ఉండి లేచిందంటే, ఇక వారం రోజులు అది తినే తిండికి అంతుండదు. ఇద్దరు మనుషులు కోసి, మోసి, వేస్తూనే ఉండాలి. ఆ వారంలో తక్కువైతే, చంద్రిక మీద, అంటే గూడు అల్లుకునే వెదురు తట్ట మీద, పలచగా అల్లుతుంది. పలచటి గూటిని మార్కెట్లో వేలం పాడేవాళ్ళు రెండు వేళ్ళతో నొక్కి చూసి పక్క కుప్ప దగ్గరికి పోతారు. మా అక్క నన్నడిగేనాటికి కొత్త పురుగులు రెండో జ్వరంలో ఉన్నాయి. వాటి తిండి వారంలోనూ మళ్ళీ రేసులున్నాయి.

పోవద్దని బావకు చెప్పే ధైర్యం నాకు లేదు. అందుకని ఎలా పోవాలో నేర్పుతానన్నాను.

"బావా, గెలిచే గుర్రం ఏదని చూడొద్దు. రేటు తప్పుగా కట్టిన గుర్రం ఏదని చూడు. గెలిచేకి వందకు ఇరవై వంతులుండే గుర్రానికి పందెం కట్టించుకునే బుకీలు బోర్డులో పన్నెండు వంతులే ఉన్నట్టు రేటు పెట్టినారనుకో, దాని మీద కట్టాల. అట్లాటిది లేకపోతే ఇంట్లో ఉండాల."

"వందకు ఇరవై అంటే?"

"వందసార్లు పరిగెత్తిస్తే ఇరవైసార్లు గెలుస్తాది."

"వందసార్లు పరిగెత్తిస్తే గుర్రం సచ్చిపోతాదప్పా."

శాతాలు అక్కడితో ఆపేశాను. మా వైపు పంట ఎలా ఉందని అడిగితే పెద్దవాళ్ళు ఇప్పటికీ పన్నెండణాలు, ఎనిమిదణాలు అంటారు. పదహారణాలంటే నిండు పంట. బావ తన జన్మలో అణాను చేత్తో పట్టుకుని ఉండడు, కానీ ఎనిమిదణాల పంట అంటే మాత్రం ఆయన ముఖం దానంతటదే వాడిపోతుంది. సరే, రేసంటే ఒక రూపాయి అనుకొమ్మన్నాను. గెలిచేది ఒకటే గుర్రం గనుక ఆ పదహారణాలనే అన్ని గుర్రాలకూ పంచాలి. గట్టిదానికి ఎక్కువ, నీరసందానికి తక్కువ. బుకీల బోర్డును కూడా అణాల్లోకి మార్చవచ్చు. ఒకటికి మూడు ఇస్తామంటే, ఆ మూడుకు ఒకటి కలిపి పదహారును నాలుగుతో భాగించాలి: నాలుగణాలు. ఒకటికి ఏడంటే రెండణాలు. మనం వేసిన అణాలు బోర్డు అణాలకంటే ఎక్కువుంటే ఆ గుర్రం చవక. సమానమైనా, తక్కువైనా దాని జోలికి పోకూడదు. చవక గుర్రం దొరికితేనే బస్సెక్కాలి. ఇదీ ఒప్పందం.

బావ సంతోషంగా ఒప్పుకున్నాడు. పేపర్లో రేసుల పేజీ పరిచి, పాత పరుగులు, మోసే బరువు, జాకీ, దూరం అన్నీ చూసి ఎనిమిది గుర్రాలకూ అణాలు వేశాడు. కూడితే ఇరవై ఆరు.

"పది అణాలు ఎక్కువైనాయి బావా."

"యాడ ఎక్కువైనాయి? ఒక్కొక్కటీ చూసే వేసినాను కదా."

"ఈ ఏడో నంబరుకి రెండణాలెందుకు? పోయిన నాలుగుసార్లూ అది ఆఖర్నే వచ్చింది."

"పాపం, అదీ పరిగెత్తేకే కదా వచ్చింది. మొహం ముందర సున్నా అని ఎట్ల వేసేది?"

చిక్కంతా ఇక్కడే ఉంది. మావాళ్ళు ఎవరికీ, దేనికీ నోటితో సున్నా అనరు. కుదరని సంబంధాన్ని కూడా 'చూస్తాము లేప్పా' అనే అంటారు. ఎనిమిది గుర్రాలకూ ఈ మర్యాద జరిగితే రూపాయి ఇరవై ఆరు అణాలవుతుంది.

అక్క ఆకు బుట్ట దించి కాగితం వైపు ఒకసారి చూసింది. "గెలిచేది ఒకటే కదా? దీనికి ఆరు, దీనికి ఐదు అంటా ఉండారు. మిగిలిన ఐదు అణాల్లోనే కడమ ఆరూ సర్దుకోవాల," అని లోపలికి పోయింది. ఆవిడకు ఏ గుర్రంతోనూ మొహమాటం లేదు.

తర్వాత నా ఫోన్లో బుకీల రేట్లు చూసి బోర్డు అణాలు కూడాం. పంతొమ్మిది.

"చూడు," అన్నాడు బావ, "ఆయప్పలూ నా మాదిరే."

"వాళ్ళది మర్యాద కాదు బావా, లాభం. పదహారణాల రూపాయిని మనకు పంతొమ్మిదణాలకు అమ్ముతా ఉండారు."

బావ ఆ కూడిక మళ్ళీ వేసి చూశాడు. పంతొమ్మిదే. ఇందులో ఘోరమేమీ లేదు. ఏ అంగట్లోనైనా అంతే, కాకపోతే కూరగాయల అంగట్లో కొత్తిమీర ఊరికే వేస్తారు.

ఆ వారం చవక గుర్రం లేదు. బావ ఇంట్లోనే ఉన్నాడు. తర్వాతి వారం ఒకటి కనబడింది గానీ, అది కూడికలో తప్పు. రేసుల పేజీలు అరల్లో పురుగుల కిందికి పోయాయి. పద్ధతి పనిచేస్తోందని నేను అక్క దగ్గర కొంచెం ఎక్కువగానే చెప్పుకున్నాను.

మూడో శనివారం పురుగులు తిండి మీద ఉన్నాయి. ఆ పొద్దున్నే ఆరో నంబరు గుర్రం కనబడింది. నొసట తెల్లటి చార. పోయిన రెండుసార్లూ వెనకబడింది గానీ అవి పొట్టి పరుగులు. ఇవాళ్టిది పొడుగు, పైగా బరువు తగ్గించారు. నేను విడిగా అణాలు వేసుకుంటే మూడు వచ్చాయి. బావ నాలుగు వేశాడు.

"నాలుగో అణా దేనికి?"

"నొసట చూడు, నామం. స్వామి నామం."

నామానికి తెలుగులో ఇంకో అర్థం కూడా ఉందని గుర్తు చేసి ఆ అణా తీయించాను. మిగిలింది మూడు. బోర్డులో ఒకటికి ఏడు, అంటే రెండు. ఎటు తిప్పి చూసినా చవకే.

అక్క మమ్మల్ని చూస్తూ నిలబడి ఉంది. నేను రెండని చెప్పి ఉంటే సరిపోయేది. కానీ అక్కడున్నవి మూడు.

"మాటంటే మాటే కదా. పోయి రాండి," అని బావతో అని, కొడవలి తీసుకుని ఒక్కతే తోటలోకి పోయింది. నా పద్ధతి సరిగ్గా పనిచేసింది. దాని వల్ల అంతకుముందు ఎన్నడూ ఇంత ఇబ్బంది పడలేదు.

నేనూ బావతో బయలుదేరాను. వెనకనే ఉండి ఆకు కోయవచ్చు కదా అని మీరడగవచ్చు. నేను కోసిన ఆకును అక్క మళ్ళీ ఏరుకోవాలి.

హోసూరు బస్టాండులో బెంగుళూరు బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. బావ మెట్టు మీద ఒక కాలు పెట్టాడు. నేను ఫోన్ తీసి రేటు చూశాను. ఒకటికి నాలుగైంది. పదహారును ఐదుతో భాగిస్తే మూడణాలూ చిల్లర. మాలాగే లెక్క వేసి, మాకంటే ముందే కట్టినవాళ్ళు ఎక్కడో ఉన్నారు.

"బావా, చవక పోయింది. మూడూ చిల్లరయింది."

"మనం ఎంత వేసినాము?"

"మూడు."

"ఇంకో అణా వేస్తే?"

"దేనికి?"

బావ ఆలోచించాడు. "నామానికే."

కండక్టరు, "ఎక్కితే ఎక్కన్నా, లేకపోతే కాలు తీయి," అన్నాడు. బావ ఇంకో క్షణం అలాగే ఉండి కాలు తీశాడు. "ఇన్నాళ్ళూ రూపాయికి పంతొమ్మిదణాలు ఇచ్చినాను. ఇంక ఇయ్యను," అన్నాడు. వినడానికి ఇది పశ్చాత్తాపంలా ఉంటుంది. గొంతులో ఉన్నది మాత్రం కోపం, అదీ నా మీద.

ఉత్కంఠ ఎందుకు, పంట సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఆయన ఆదివారం కూడా ఎక్కడికీ పోలేదు. గూళ్ళు గట్టిగా వచ్చాయి. వేలం పాడేవాళ్ళు నొక్కి చూసి పక్క కుప్ప దగ్గరికి పోలేదు.

శనివారం మేము ఇల్లు చేరేసరికి ఎండ నెత్తి మీదుంది. పొద్దున కోసిన ఆకంతా అక్క ఒక్కతే వేసేసింది. అయినా పై రెండు అరలకు చాలలేదని చెప్పింది. ముగ్గురం షెడ్డులో ఎండు కాడలు తీసేస్తుండగా బావ ఫోన్ చూసుకున్నాడు.

"గెలిచింది," అన్నాడు.

"అట్లనా," అన్నాను.

"నామం గుర్రమే. పోయింటే?"

"మూడణాల గుర్రం బావా. అప్పుడప్పుడు గెలుస్తాది, అందుకే మూడు వేసినాము. గెలిచిందని మనకొచ్చిన రేటు చవకైపోదు."

ఈ మాట నిజం. ఎదురుగా బావ ముఖం పెట్టుకుని చెప్పడానికి మాత్రం బాగుండదు. ఆయన నా వంక చూసి, అక్క వంక చూసి, గోడకున్న కొడవలి లాక్కుని విసవిసా తోట వైపు నడిచాడు.

"ఇప్పుడు వద్దు," అంది అక్క.

"పై అరలకు ఆకు లేదని నువ్వే కదా అన్నావు?" అన్నాడు బావ.

"లేదు. అయినా ఇప్పుడు వద్దు."

మిట్టమధ్యాహ్నం ఎండలో కోసిన మల్బరీ ఆకు షెడ్డు చేరేలోపే వాడిపోతుంది. వాడిన ఆకును పురుగులు సరిగ్గా తినవు. పొద్దు వాలాక కోయాలి.