అత్తమ్మ కోరిన నల్ల గోడలు

మా అత్తమ్మ పోయిందన్న కబురు ఎల్లారెడ్డి నుంచి ఫోన్లో వచ్చింది. పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి ఉన్నాను. ఫోన్ చేసింది మా ఆయన అక్క, మా వదినె. "అవ్వ లేస్తలేదు. పిలిచి పిలిచి చూసిన. ఒళ్లంత సల్లగైంది" అన్నది. ఆ తర్వాత ఫోన్ పెట్టేయలేదు. అటు నుంచి ఆమె ఊపిరి, ఎక్కడో కోడికూత వినబడుతున్నాయి. నేను ఫోన్ మా ఆయన చేతికిచ్చి పొయ్యి ఆపేశాను.

నాలుగు రోజులు బిడ్డ దగ్గర ఉండి వస్తానని అత్తమ్మ, తీసుకుపోను వచ్చిన వదినె వెంట సంతోషంగా వెళ్లింది. ఏ జబ్బూ లేదు. నిద్రలోనే పోయింది. మేం కామారెడ్డిలో దొరికిన మొదటి బస్సెక్కాం. తాడ్వాయి దాటాక ఆయన కిటికీలోంచి చూస్తూనే అన్నాడు. "బస్సెక్కేటప్పుడు నాకు చెయ్యి ఊపింది. నేనెక్కడున్ననో కనబడది కద. నా గొంతు ఇనబడ్డ దిక్కు ఊపింది."

అప్పటికి మా అత్తమ్మకు చూపు పూర్తిగా లేదు.

ఆమె ఎల్లారెడ్డిలో బీడీలు చేసి ఇద్దరు పిల్లలను సాకిన మనిషి. నేను కోడలిగా వచ్చేసరికే మామయ్య గోడ మీద ఫోటోలో ఉన్నాడు. ఆమెకు రంగులంటే ప్రాణం. పండుగకు ఒక్క చీరే కొన్నా, దాన్ని దుకాణం లోపలి లైట్ల కింద చూసి ఒప్పుకునేది కాదు. గడప దాకా పట్టుకొచ్చి, ఎండలో విప్పి చూసి, "లోపట ఒక రంగు, బయట ఒక రంగు ఉండేది నాకొద్దు" అనేది. దుకాణపు వాళ్లు విసుక్కునేవారు. ఆమె పట్టించుకునేది కాదు.

స్నానం కూడా ఆమెకు అంత ముఖ్యమైన పనే. ఎల్లారెడ్డి ఇంట్లో స్నానాలకు గది లేదు. పెరట్లో తడక చాటున, ఊరు లేవకముందే స్నానం ముగించుకునేది. పైన కప్పు లేదు, వానొస్తే వానలోనే. కామారెడ్డిలో మేం ఇల్లు కట్టుకుని ఆమెను తెచ్చుకున్నప్పుడు, మొదటిరోజు స్నానం చేసి వచ్చి నాతో అన్నది. "లోపట గొళ్లెం పెట్టుకోని తానం చేసుడు నా బతుకుల గిదే మొదలు బిడ్డా. ఒళ్లు కడుక్కునే కాడ ఇంకో మనిషి ఉండొద్దు. ఆ కాసేపన్న మనది మనకు ఉండాలె."

ఆ బాత్రూం నేను ముచ్చటపడి చేయించింది. నేల నుంచి పైకప్పు దాకా తెల్ల టైల్స్. తెల్ల కమోడ్, తెల్ల బేసిన్, తలుపు కూడా తెలుపే. చూడవచ్చిన వాళ్లంతా ఎంత వెలుతురుగా ఉందో అనేవారు.

రెండేళ్లకు అత్తమ్మ కళ్లు మసకబారాయి. కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిన్నదని, పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నదాన్ని మందులతో కాపాడుకోవాలని డాక్టర్ చెప్పాడు. చుక్కల మందు వేస్తూ వచ్చాం. చూపు మాత్రం తగ్గుతూనే పోయింది. నాది గాంధారి వైపు ఒక ఊళ్లో బడిపంతులమ్మ ఉద్యోగం. మా ఆయనది బోరు మోటార్లు బాగుచేసే దుకాణం. పగలంతా ఆమె ఒక్కతే ఇంట్లో. గోడ పట్టుకుని తన పనులు తాను చేసుకునేది. ఎప్పుడడిగినా మంచిగనే ఉన్నానని చెప్పేది.

ఒకరోజు మధ్యాహ్నం సెలవు పెట్టి తొందరగా వచ్చాను. పిలిస్తే పలకలేదు. బాత్రూంలో చిన్న చప్పుడైంది. ఇంట్లో ఒక్కతే కదా, గొళ్లెం పెట్టుకోలేదు; తలుపు తోస్తే తెరుచుకుంది. అత్తమ్మ ఒక మూలన నేల మీద మోకాళ్లు దగ్గరికి తీసుకుని కూర్చుని ఉంది. చీర సగమే చుట్టుకుంది. తల ఎప్పుడో ఆరిపోయింది. పడ్డావా అత్తమ్మా అని అడిగాను.

"పడలే బిడ్డా. తలుపు దొరకలే" అన్నది.

పొద్దున మేం వెళ్లిపోయాక స్నానానికి పోయిందట. వెంటిలేటర్ నుంచి ఎండపడి గోడలన్నీ ఒక్కటే తెలుపైపోయాయట. "పాలల్ల పడ్డట్టయింది. ఏది గోడనో ఏది తలుపో ఎరుకైతలేదు. తడిమి తడిమి మళ్ల అదే మూలకొచ్చిన." మరి ఎవరినైనా కేకేయలేకపోయావా అన్నాను. పక్కింటి వాళ్లకు వినబడేది. "ఒంటి మీద బట్ట సక్కగ లేకపాయె. కండ్లు పోతే పోయినయి. సిగ్గెందుకు పోవాలె?" అన్నది.

ఆ రోజు నుంచి నేను స్నానం చేయిస్తానన్నాను. ఆమె వద్దంది. బతిమాలితే చివరికి ఒప్పుకుంది కానీ, చెంబుతో నీళ్లు పోస్తుంటే రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని, మొహం గోడవైపు తిప్పుకుని నిలబడేది. కొన్నాళ్లకు ఇంకో సంగతి తెలిసింది. పగలు ఆమె దగ్గర నేను పెట్టిపోయిన మంచినీళ్ల సీసా సాయంత్రానికి అట్లాగే ఉంటోంది. తాగితే బాత్రూంకు పోవాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేసింది. పెదవులు పగిలిపోయాయి. మూత్రంలో మంట పట్టుకుని రెండుసార్లు దవాఖానకు తిప్పాం.

దారి చూపింది వంటింటి గట్టు. ఒక ఆదివారం నేను కూర తరుగుతుంటే అత్తమ్మ పక్కన నిలబడి వెల్లుల్లి ఒలుస్తోంది. మా వంటింటి గట్టు నల్ల గ్రానైట్. ఒక రెబ్బ చేతిలోంచి జారి దూరంగా పడింది. ఆమె తడమలేదు. నేరుగా చెయ్యి చాపి తీసుకుంది. నేను కత్తి ఆపి చూశాను. ఇంకోటి జరిపి పెట్టాను. అదీ తీసుకుంది.

"గిది కనబడుతుందా అత్తమ్మా?"

"నల్లదాని మీద తెల్లది కనబడుతది. తెల్లదాని మీద తెల్లది నాకేం కనబడుతది?" అన్నది. గట్టు మీద అరచెయ్యి పెట్టి అన్నది. "ఆ గది కూడ గిట్ల నల్లగ చేపియ్యరాదు, బిడ్డా. నీకు తెలుపు ఇష్టమని అడగలే."

మా ఆయనకు మంచిగున్న టైల్స్ పగలగొట్టడానికి చేతులు రాలేదు. వదినె ఎల్లారెడ్డి నుంచి ఫోన్లో కోప్పడింది. "ఇంట్ల నలుపేందే అవ్వా, కీడు." అత్తమ్మ నవ్వి, "మరి నీ ఎంట్రుకలు నల్లగుండాలని రంగెందుకు ఏసుకుంటున్నవే?" అన్నది. అక్కడితో ఆ మాట ఆగిపోయింది.

టైల్స్ దుకాణానికి తానూ వస్తానన్నది. దుకాణదారు మంచిగానే చెప్పాడు, బాత్రూంకు నలుపు ఎవరూ తీసుకుపోరని, గది చిన్నగా కనబడుతుందని. "నాకు పెద్దగ కనబడేది వద్దు నాయనా. కనబడితే సాలు" అన్నది అత్తమ్మ. నేలకు వేసే రాళ్లు వరుసగా పరిపించుకుని, చెప్పులు విడిచి ఒక్కొక్కదాని మీదా నిలబడింది. నీళ్లు పోయించి మళ్లీ నిలబడింది. గరుకుగా, కాలు పట్టేసే నల్లరాయి ఒకటి ఎంచుకుంది. గోడలకు ఒట్టి నలుపు చాలనుకున్నాం మేము. ఆమె నెమలిమెడ రంగు ఉందా అని అడిగింది. ఉన్నదాన్ని చీరలా గడప దాకా మోయించి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని ఎండలో చూసింది. అలల్లాగా చేతికి గీతలు తగిలే టైల్ అది. నీళ్ల నల్లా ఉండే గోడకు అదే. తలుపు చుట్టూ ఎండుమిరపకాయ రంగు. మిగతా రెండు గోడలు నున్నటి నలుపు. ఆ మధ్యాహ్నం ఆమె మొహంలో ఉన్న వెలుగు నేను అంతకుముందు చూడలేదు. ఇంట్లో అందరికీ భారమయ్యానన్న దిగులుతో ఉండే మనిషి, ఆ పూట తన గదికి తాను రంగులు ఎంచుకుంటోంది.

పని చేసిన మేస్త్రిది మద్నూర్. మాటల్లో సగం మరాఠీ. అత్తమ్మను ఆజీ, అంటే నానమ్మా, అని పిలిచేవాడు. ఆమెను తలుపు దగ్గర నుంచి నల్లా దాకా నడిపించి, "చెయ్యి ఎక్కడ ఆనుతదో ఆనియ్యి ఆజీ, నేను గీత పెట్టుకుంట" అని సుద్దముక్కతో గోడంతా గుర్తులు పెట్టుకున్నాడు. ఆ ఎత్తులోనే గీతల టైల్ పట్టీలా తిప్పాడు. ఆ పట్టీని పట్టుకుని పోతే నల్లా, వెనక్కి వస్తే తలుపు. మా ఆయన ఒక పసుపు లైటు బేసిన్ మీద పడేటట్టు బిగించాడు. అంత నలుపులో తెల్ల బేసిన్, తెల్ల చెంబు, తెల్ల తలుపు విడివిడిగా మెరుస్తూ కనిపించాయి. చూడవచ్చిన చుట్టాలు లాడ్జి లెక్కుందన్నారు, సినిమా హాలు లెక్కుందన్నారు. అత్తమ్మ అందరినీ దగ్గరుండి లోపలికి తీసుకుపోయి, గోడ మీద చెయ్యి పెట్టి చూడమనేది.

మొదటిరోజు ఆమె లోపలికి పోయి గొళ్లెం పెట్టుకుంది. నేను బడికి తయారై కూడా పోలేక తలుపు బయట నిలబడ్డాను. లోపల తనలో తాను మాట్లాడుకుంటోంది. "గిదిగో చెంబు. గిదిగో సబ్బు. గిది బకీటు." నీళ్ల చప్పుడు. మళ్లీ, "గిదిగో తువ్వాల." ఆలస్యమవుతున్నా కదలబుద్ధి కాలేదు. తడి జుట్టుతో బయటికొచ్చి, నేనున్నానని ఎట్లా పసిగట్టిందో, "అన్నీ దొరికినయి బిడ్డా. నువ్వు బడికి పో" అన్నది. ఆ సాయంత్రం నీళ్ల సీసా ఖాళీగా ఉంది.

ఆ గది ఆమెకు దాదాపు మూడేళ్లు ఆసరాగా ఉంది. చూపు ఎప్పుడు పూర్తిగా పోయిందో మాకు తెలియనే లేదు. పోయినేడు ఒక సాయంత్రం కరెంటు పోయినప్పుడు, ఆమె ఎప్పట్లాగే లోపలికి పోయి, ఎప్పట్లాగే బయటికొచ్చింది. ఇల్లంతా చీకటని ఆమెకు తెలియలేదు. "అత్తమ్మా, కరెంటు లేదు" అన్నాను. ఆమె "గట్లనా" అన్నది. ఎప్పటి నుంచి అని అడిగితే, దసరాకు ముందటి నుంచే ఏమీ కనబడటం లేదని ఒప్పుకుంది. "చెప్తె ఏం చేద్దురు? మళ్ల గోడలు పగలగొడుదురు. కండ్లు పోయినా చేతికి దారి తెలుసు" అని నన్నే ఓదార్చింది. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

ఎల్లారెడ్డిలో బస్సు దిగి వదినె ఇంటికి పోయేసరికి వాకిట్లో జనం. చివరి స్నానానికి బల్ల వేశారు. ఆడవాళ్లం చుట్టూ చీరలు అడ్డం పట్టాం. గాలికి చీర కొస లేస్తోంటే నాకు ప్రాణం పోయినట్టయింది. "దగ్గరికి పట్టుండ్రి, ఇంకొంచెం దగ్గరికి" అంటూనే ఉన్నాను. ఎవరో, "ఇప్పుడామెకేం తెలుస్తది?" అన్నారు. నేను రెండు చేతులతో ఆ కొసను బిగించి పట్టుకున్నాను.

నీళ్లు పోస్తూ పోస్తూ వదినె నాకే వినబడేటట్టు అన్నది. "నిన్న కూడ నేనే పోసిన. మా బాత్రూంల ఆమెకు దారి తెల్వదు కద. ఎట్లనే అవ్వా అంటె, నువ్వే నీళ్లు పొయ్యి అన్నది. సిగ్గుపడుతదనుకున్న. పడలే. ఈపు రుద్దుతుంటె గిలిగింతలైతున్నయని నవ్వింది."

నాకు ఆ ఏడుపులోనే కొంచెం అసూయ కలిగింది. నా చేతుల కింద గోడవైపు తిరిగి నిలబడిన మనిషి, బిడ్డ చేతుల కింద నవ్విందట. కాసేపటికి అది తగ్గిపోయి, నవ్విందన్న మాట ఒక్కటే మిగిలింది. నేను చీర కొస ఇంకొకరికిచ్చి, చెంబు తీసుకుని ఆమె పాదాల మీద నీళ్లు పోశాను.

కర్మలన్నీ అయ్యాక కామారెడ్డికి వచ్చాం. మా ఆయన గుండుతో, అలసటతో ఉన్నాడు. స్నానం చేసి వస్తానని ఆ గదిలోకి పోయాడు. లైటు వేసుకోలేదు. నీళ్ల చప్పుడు వినబడలేదు. చాలాసేపటికి తలుపు తీసుకుని, ఒంటి మీద చుక్క నీరు పడకుండానే బయటికొచ్చాడు. కుడి అరచెయ్యి నాకు చూపించాడు. జిడ్డుగా మెరుస్తోంది.

"గోడకు అవ్వ నూనె ఉన్నది. గీతలల్ల. నెత్తికి పెట్టుకున్న చేతితోనే పట్టుకోని నడిచేది కద."

"కడగాల్నా?" అన్నాను.

"వద్దు."

నేను తువ్వాల అందించాను. ఆయన తీసుకోలేదు. అక్కడే గుమ్మంలో నిలబడి, ఆ అరచేతిని నున్నటి గుండు మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని, మెల్లగా రాసుకున్నాడు.